ప్రాణం నిలిపే మందు చెవికి చేటు కాకూడదంటే...

2013లో ముంబయికి చెందిన నందితా వెంకటేశన్ పేగులకు సోకిన క్షయతో రెండోసారి పోరాడుతున్నారు. అప్పటికి ఆమె వయసు ఇరవైల్లోనే. చికిత్సలో భాగంగా ఇచ్చిన ఇంజెక్షన్ మందు ఆమె వినికిడిని తీసుకుపోయింది. దాదాపు అదే కాలంలో దక్షిణాఫ్రికాలో ఫుమేజా టిసిలే అనే విద్యార్థిని మందులకు లొంగని మొండి క్షయ నుంచి బయటపడింది. ఆమెకు జబ్బు నయమైంది కానీ, కనామైసిన్ అనే ఇంజెక్షన్ వల్ల రెండు చెవులూ వినపడకుండా పోయాయి. వీరిద్దరూ తరువాత ఒక్కటై క్షయ రోగుల తరఫున గొంతెత్తారు. ఆ సంగతికి మళ్లీ వద్దాం. ముందుగా ఒక ప్రశ్న వేసుకుందాం. ఊపిరితిత్తులకో పేగులకో ఇచ్చిన మందు చెవిని ఎందుకు దెబ్బతీస్తుంది?

మందుల వల్ల లోపలి చెవికి కలిగే హానిని వైద్యులు ఓటోటాక్సిసిటీ అంటారు. ఈ హాని వినికిడికే పరిమితం కాదు. మనం నిటారుగా నిలబడటానికి, తూలకుండా నడవడానికి తోడ్పడే సమతాస్థితి కూడా లోపలి చెవి పనే. కొన్ని మందులు వినికిడిని, కొన్ని సమతాస్థితిని, మరికొన్ని రెండింటినీ దెబ్బతీస్తాయి. కొన్నిసార్లు మందు ఆపగానే అంతా సర్దుకుంటుంది. కొన్నిసార్లు ఆ నష్టం జీవితాంతం ఉండిపోతుంది.

శనగగింజంత చోటులో రెండు యంత్రాలు

లోపలి చెవి కణత ఎముకలో భద్రంగా దాగి ఉంటుంది. అందులో నత్తగుల్లలా మెలికలు తిరిగిన భాగం కర్ణావర్తం. ఇది శబ్దాన్ని నాడీ సంకేతాలుగా మారుస్తుంది. దాన్ని ఆనుకునే పేటిక, మూడు అర్ధవర్తుల కుల్యలు ఉంటాయి. తల ఎటు తిరిగింది, ఎటు వంగింది, ఎంత వేగంగా కదిలింది అనే సమాచారాన్ని ఇవి మెదడుకు చేరవేస్తాయి.

ఈ రెండు యంత్రాల్లోనూ అసలు పని చేసేవి రోమ కణాలు. వీటి తలపై సన్నని కేశాల్లాంటి నిర్మాణాలు వరుసగా ఉంటాయి. చుట్టూ ఉన్న ద్రవం కదిలితే ఇవి వంగుతాయి. వంగినప్పుడు వాటి కొనల దగ్గర సూక్ష్మమైన ద్వారాలు తెరుచుకుని విద్యుదావేశం ఉన్న అయాన్లు లోనికి ప్రవేశిస్తాయి. ఆ విద్యుత్ మార్పే నాడి ద్వారా మెదడుకు చేరి మనకు మాటగా, పాటగా, చప్పుడుగా తెలుస్తుంది.

ఒక్కో కర్ణావర్తంలో ఇలాంటి రోమ కణాలు సుమారు 15 వేలు మాత్రమే ఉంటాయి. వీటిలో దాదాపు 3,500 లోపలి వరుసవి, మిగిలిన సుమారు 12 వేలు బయటి వరుసలవి. కంటి రెటీనాలో కాంతిని గుర్తించే కణాలు కోట్లలో ఉంటాయని గుర్తుచేసుకుంటే చెవి ఎంత చిన్న మూలధనంతో బతుకుతోందో తెలుస్తుంది. పైగా మనిషిలో చనిపోయిన కర్ణావర్త రోమ కణం స్థానంలో కొత్తది పుట్టదు. తల్లి గర్భంలో ఉండగా ఏర్పడినవే చివరిదాకా వాడుకోవాలి.

తొలి హెచ్చరిక 1940లలోనే

1943లో అమెరికాలోని రట్గర్స్‌లో సెల్మన్ వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ అనే యువ పరిశోధకుడు మట్టిలోని సూక్ష్మజీవి నుంచి స్ట్రెప్టోమైసిన్‌ను వేరుచేశాడు. క్షయపై బాగా పనిచేసిన మొట్టమొదటి యాంటీబయాటిక్ అదే. అప్పటిదాకా శానటోరియంలలో విశ్రాంతి, మంచి గాలి, మంచి తిండి తప్ప క్షయకు చెప్పుకోదగ్గ మందు లేదు. వాక్స్‌మన్‌కు 1952లో నోబెల్ బహుమతి వచ్చింది.

అయితే మందు మొదలైన తొలినాళ్లలోనే వైద్యులు ఒక వింతను గమనించారు. రోగుల దగ్గు తగ్గుతోంది, బరువు పెరుగుతోంది. కానీ మంచం దిగి నడవబోతే తూలిపోతున్నారు. చీకటిలో అడుగు వేయలేకపోతున్నారు. స్ట్రెప్టోమైసిన్ సమతాస్థితి అవయవాన్ని దెబ్బతీస్తోందని తేలింది. దీనికి విరుగుడుగా మందు నిర్మాణాన్ని కొద్దిగా మార్చి డైహైడ్రోస్ట్రెప్టోమైసిన్‌ను తెచ్చారు. అది వాడినవారిలో తూలడం తగ్గిన మాట నిజమే కానీ, కొంతకాలానికి చెవుడు రావడం మొదలైంది. చివరికి ఆ మందును పక్కన పెట్టాల్సి వచ్చింది.

స్ట్రెప్టోమైసిన్‌తో మొదలైన ఈ కుటుంబాన్ని అమైనోగ్లైకోసైడ్లు అంటారు. నియోమైసిన్, కనామైసిన్, జెంటామైసిన్, టోబ్రామైసిన్, అమికాసిన్ ఈ కుటుంబంలోనివే. వీటిలో స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ ఎక్కువగా సమతాస్థితిని, కనామైసిన్, అమికాసిన్, నియోమైసిన్ ఎక్కువగా వినికిడిని దెబ్బతీస్తాయి. అయినా వీటిని వైద్యులు ఇప్పటికీ వాడుతున్నారు. రక్తంలో ఇన్ఫెక్షన్ చేరిన నవజాత శిశువుకు, ఇతర మందులకు లొంగని బ్యాక్టీరియా సోకిన రోగికి ఇవి ప్రాణం నిలిపే మందులు. చవకగా కూడా దొరుకుతాయి. అందుకే వీటిని పూర్తిగా వదులుకోవడం కుదరని పని.

బ్యాక్టీరియాకు పెట్టిన గురి మనకు ఎలా తగులుతుంది?

అమైనోగ్లైకోసైడ్లు బ్యాక్టీరియాలో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోములకు అతుక్కుని వాటి పనిని చెడగొడతాయి. మన కణాల్లోని రైబోజోముల నిర్మాణం వేరు కాబట్టి మనకు పెద్దగా హాని ఉండదు. కానీ మన కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాల కథ వేరు. అవి ఒకప్పటి బ్యాక్టీరియాల సంతతి. వాటి రైబోజోములకు బ్యాక్టీరియా రైబోజోముల పోలికలు ఉన్నాయి.

మందు రోమ కణంలోకి వెళ్లే దారి కూడా విచిత్రమైనదే. శబ్దం వచ్చినప్పుడు తెరుచుకునే ఆ సూక్ష్మ ద్వారాల గుండానే ఇది లోపలికి జొరబడుతుంది. అంటే వినడానికి ఉన్న ద్వారమే విషానికి దారి అవుతోంది. లోపలికి వెళ్లిన మందు త్వరగా బయటికి రాదు. రక్తంలో మందు ఆనవాళ్లు పోయిన చాలా రోజుల తరువాత కూడా రోమ కణాల్లో మిగిలే ఉంటుంది. అక్కడ హానికరమైన ఆక్సిజన్ అణువులు పోగుపడి కణం చనిపోతుంది. ఇంజెక్షన్లు ఆపేసిన కొన్ని వారాల తరువాత కూడా వినికిడి తగ్గుతూ పోవడానికి కారణం ఇదే.

ఇవే మందులు కిడ్నీలను కూడా దెబ్బతీస్తాయి. కానీ కిడ్నీ నాళికల్లోని కణాలు మళ్లీ పుట్టగలవు. అందుకే మందు ఆపితే కిడ్నీ చాలావరకు కోలుకుంటుంది. చెవికి ఆ అవకాశం లేదు.

కొందరిలో ఒక్క ఇంజెక్షన్‌తోనే వినికిడి పోవచ్చు. దీని రహస్యం 1993లో బయటపడింది. మైటోకాండ్రియా జన్యుపదార్థంలో 1555వ స్థానంలో ఒకే ఒక్క అక్షరం మారితే, అక్కడి రైబోజోము బ్యాక్టీరియా రైబోజోమును మరింతగా పోలి ఉంటుంది. దాంతో మందు దానికి గట్టిగా అతుక్కుంటుంది. మైటోకాండ్రియాలు తల్లి నుంచే బిడ్డలకు వస్తాయి కాబట్టి ఈ లోపం కూడా తల్లి వైపు నుంచే వస్తుంది. ఐరోపా జనాభాలో సుమారు 500 మందిలో ఒకరికి ఈ మార్పు ఉన్నట్టు గుర్తించారు. బ్రిటన్‌లోని మాంచెస్టర్ పరిశోధకులు నవజాత శిశువు బుగ్గ లోపలి నుంచి తీసిన నమూనాతో 26 నిమిషాల్లో ఈ మార్పును గుర్తించే పరీక్షను రూపొందించి, 2022లో ఫలితాలు ప్రచురించారు. శిశువుకు యాంటీబయాటిక్ మొదలుపెట్టే లోపే ఫలితం తెలిస్తే వేరే మందు ఎంచుకోవచ్చు.

మన దగ్గర ఇలాంటి పరీక్ష అందుబాటులో లేని చోట కూడా ఒక ప్రశ్న పనికొస్తుంది. "అమ్మ తరఫు బంధువుల్లో ఎవరికైనా ఇంజెక్షన్ల తరువాత చెవుడు వచ్చిందా?" అమ్మమ్మకో మేనమామకో పిన్నికో అలా జరిగి ఉంటే డాక్టరుకు తప్పక చెప్పాలి.

క్యాన్సర్ మందు, మూత్రం మందు, తలనొప్పి మాత్ర

చెవిని దెబ్బతీసే మరో ముఖ్యమైన మందు సిస్‌ప్లాటిన్. 1978లో అమెరికాలో అనుమతి పొందిన ఈ ప్లాటినం మందు వృషణాలు, అండాశయం, గర్భాశయ ముఖద్వారం, తల, మెడ క్యాన్సర్లలో నేటికీ కీలకం. పొగాకు, గుట్కా వల్ల నోటి క్యాన్సర్లు ఎక్కువగా ఉన్న మన దేశంలో దీని వాడకం తక్కువేమీ కాదు. శరీరంలోని ఇతర భాగాల నుంచి సిస్‌ప్లాటిన్ కొన్ని రోజుల్లో, వారాల్లో వెళ్లిపోతుంది. కర్ణావర్తంలో మాత్రం నెలలు, సంవత్సరాల తరబడి నిలిచిపోతుందని 2017లో ప్రచురితమైన ఒక పరిశోధన చూపించింది. చిన్నపిల్లల మీద దీని ప్రభావం మరీ ఎక్కువ. మాటలు నేర్చుకునే వయసులో వినికిడి తగ్గితే ఆ ప్రభావం చదువు మీద, స్నేహాల మీద కూడా పడుతుంది.

ఒంట్లో నీరు చేరినప్పుడు ఇచ్చే ఫ్యూరోసెమైడ్ వంటి మందులది మరో తీరు. కర్ణావర్తంలోని ద్రవం సుమారు 80 మిల్లీవోల్టుల విద్యుత్ ఆవేశాన్ని నిలుపుకుంటుంది. రోమ కణాలకు అదే బ్యాటరీ. ఫ్యూరోసెమైడ్ ఎక్కువ మోతాదులో, వేగంగా నరంలోకి ఎక్కితే ఈ బ్యాటరీ బలహీనపడి వినికిడి తగ్గుతుంది. చాలామందిలో ఇది తాత్కాలికమే. అయితే దీన్ని అమైనోగ్లైకోసైడ్లతో కలిపి ఇస్తే రెండింటి హాని కూడిక కాదు, గుణింతం అవుతుంది. కిడ్నీలు సరిగా పనిచేయనివారిలో మందు ఒంట్లోనే ఎక్కువసేపు ఉండిపోతుంది కనుక వారికి ముప్పు ఇంకా ఎక్కువ.

ఆస్పిరిన్‌ను పెద్ద మోతాదులో రోజుల తరబడి వాడితే చెవుల్లో హోరు వినిపిస్తుంది. మలేరియాకు వాడే క్వినైన్‌తోనూ అంతే. ఆపితే సాధారణంగా రెండూ సర్దుకుంటాయి. గుండె రక్షణకు రోజూ వేసుకునే 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ మాత్ర గురించి ఈ భయం అక్కర్లేదు.

చెవి చుక్కల మందుల విషయంలో జాగ్రత్త అవసరం. కర్ణభేరికి రంధ్రం ఉన్నప్పుడు జెంటామైసిన్, నియోమైసిన్ కలిసిన చుక్కలు మధ్య చెవిలోకి దిగి, అక్కడి పలుచని పొర గుండా లోపలి చెవికి చేరే ప్రమాదం ఉంది. చీము కారే చెవికి మందుల షాపులో అడిగి ఏవో చుక్కలు వేయడం, ఇంట్లో నూనె కాచి పోయడం రెండూ మంచివి కావు. కర్ణభేరి ఎలా ఉందో డాక్టరు చూశాకే చుక్కలు వేయాలి.

గుట్టుగా మొదలయ్యే నష్టం

కర్ణావర్తం మొదట్లో ఉన్న కణాలు కీచు శబ్దాలను, చివర్లో ఉన్నవి బొంగురు శబ్దాలను గుర్తిస్తాయి. మందుల దెబ్బ సాధారణంగా మొదటి భాగం నుంచే ప్రారంభమవుతుంది. మామూలు సంభాషణకు అంత కీచు శబ్దాలతో పని ఉండదు. కాబట్టి నష్టం మొదలైనా రోగికి ఏమీ తెలియదు. అది కిందికి దిగి 8,000 హెర్ట్జ్ లోపలికి వచ్చేసరికి స, శ, చ వంటి శబ్దాలు చెదిరిపోతాయి. "చాలు" అంటే "పాలు" అని వినిపిస్తుంది. గొంతు వినపడుతుంది కానీ మాట తెలియదు. "గట్టిగా మాట్లాడు" అనడం కన్నా "సరిగా మాట్లాడు" అనడం ఎక్కువవుతుంది. ఇంట్లోవాళ్లు దాన్ని పరధ్యానం అనుకుంటారు.

సమతాస్థితి నష్టం ఇంకా గుట్టుగా సాగుతుంది. ఒక్క చెవి మాత్రమే దెబ్బతింటే లోకం గిర్రున తిరిగినట్టు ఉంటుంది. మందు రెండు చెవులనూ సమానంగా దెబ్బతీస్తే తిరుగుడు ఉండకపోవచ్చు. నడుస్తుంటే కాళ్ల కింద నేల మెత్తటి పరుపులా అనిపిస్తుంది. పగలు బాగానే నడిచినవారు చీకట్లో తూలతారు. కళ్లు మూసుకుని ముఖం కడుక్కోబోతే పడబోతారు.

ఇందులో కంటి పాత్ర కూడా ఉంది. ఒక చిన్న ప్రయోగం చేయండి. ఈ పేజీని కదలకుండా ఉంచి తలను అటూ ఇటూ తిప్పుతూ చదవండి. అక్షరాలు స్పష్టంగానే ఉంటాయి. ఇప్పుడు తలను కదలనివ్వకుండా పేజీని అంతే వేగంగా ఊపండి. అక్షరాలు అలుక్కుపోతాయి. తల కదిలినప్పుడు లోపలి చెవి సెకనులో వందో వంతు కాలంలోనే కళ్లను ఎదురు దిశలో తిప్పి చూపును నిలకడగా ఉంచుతుంది. ఈ ఏర్పాటు పోయినవారికి నడుస్తున్నంతసేపూ లోకం ఎగిరెగిరి పడుతున్నట్టు కనిపిస్తుంది. దుకాణాల బోర్డులు చదవాలంటే ఆగి నిలబడాలి.

స్ట్రెప్టోమైసిన్ వల్ల ఇలా సమతాస్థితి కోల్పోయిన ఒక అమెరికన్ వైద్యుడు, పేరు పెట్టకుండా జె.సి. అనే రెండు అక్షరాలతో 1952లో ఒక వైద్య పత్రికలో తన అనుభవం రాశారు. పడుకుని చదువుతుంటే గుండె కొట్టుకునే ప్రతిసారీ తల అతి స్వల్పంగా కదిలి అక్షరాలు చెదిరిపోయేవట. తలను మంచం ఇనుప కడ్డీల మధ్య బిగించి పెట్టుకుంటే గానీ చదవలేకపోయేవారట. మనకు తెలియకుండానే లోపలి చెవి ఎంత పని చేస్తోందో ఇంతకన్నా బాగా చెప్పే ఉదాహరణ లేదు.

మారిన క్షయ చికిత్స

మందులకు లొంగని క్షయకు ఒకప్పుడు కనీసం ఆరు నెలలపాటు ఇంజెక్షన్లు ఇచ్చేవారు. మొత్తం చికిత్స రెండేళ్ల దాకా సాగేది. ప్రపంచ క్షయ రోగుల్లో నాలుగో వంతుకు పైగా ఉన్న మన దేశంలో ఎంతమంది చెవులు ఆ ఇంజెక్షన్లకు గురయ్యాయో ఊహించుకోవచ్చు.

నోటి ద్వారా వేసుకునే బెడాక్విలిన్ వచ్చాక పరిస్థితి మారడం మొదలైంది. అయితే దాని ధర, పేటెంట్ అడ్డుగోడలయ్యాయి. ఆ మందుపై గుత్తాధికారాన్ని 2027 దాకా పొడిగించుకునేందుకు జాన్సన్ అండ్ జాన్సన్ సంస్థ చేసిన దరఖాస్తును నందితా వెంకటేశన్, ఫుమేజా టిసిలే 2019లో సవాలు చేశారు. 2023 మార్చిలో భారత పేటెంట్ కార్యాలయం ఆ దరఖాస్తును తిరస్కరించింది. దీంతో మన దేశంలో జెనరిక్ మందు తయారీకి దారి సుగమమైంది.

ఈలోగా 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కనామైసిన్, కాప్రియోమైసిన్‌లను ఇక వాడవద్దని చెప్పింది. తరువాత పూర్తిగా నోటి మాత్రలతోనే సాగే చికిత్సకు మళ్లింది. బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లినెజోలిడ్, మాక్సిఫ్లోక్సాసిన్ కలిసిన ఆరు నెలల చికిత్సకు 2024 సెప్టెంబరులో భారత ప్రభుత్వం ఆమోదం తెలిపింది. ఈ మందులకూ దుష్ప్రభావాలు లేకపోలేదు. లినెజోలిడ్ నరాలను, కంటి నాడిని దెబ్బతీయవచ్చు. కానీ చెవిని ఫణంగా పెట్టి ఊపిరితిత్తిని కాపాడుకోవాల్సిన అగత్యం చాలామందికి తప్పింది. మామూలు క్షయకు ఇచ్చే నాలుగు మందులు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్. వీటిలో అమైనోగ్లైకోసైడ్ ఏదీ లేదు. ఈ వ్యాసం చదివి ఎవరూ ఆ మాత్రలు మానేయకూడదు.

కాపాడుకునే మార్గాలు

మొదటి మార్గం ముందస్తు పరీక్ష. ముప్పు ఉన్న మందు మొదలుపెట్టే ముందు ఒకసారి, చికిత్స జరుగుతుండగా క్రమం తప్పకుండా, ముగిశాక కొన్ని నెలలపాటు వినికిడి పరీక్షలు చేయించాలి. మొదటి పరీక్షతో పోలిస్తే ఒక పౌనఃపున్యం వద్ద 20 డెసిబెల్‌లు, లేదా పక్కపక్కనున్న రెండు పౌనఃపున్యాల వద్ద 10 డెసిబెల్‌ల చొప్పున తగ్గుదల కనిపిస్తే నష్టం మొదలైనట్టే లెక్క. సాధారణ పరీక్ష 8,000 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. అంతకు పైస్థాయిలో చేసే పరీక్ష నష్టాన్ని ముందే పట్టిస్తుంది. జవాబు చెప్పలేని పసిపిల్లలకు చెవి నుంచి వెలువడే అతి సన్నని ధ్వనులను కొలిచే పరీక్ష ఉంది. నెలలు నిండకుండా పుట్టి ఇంటెన్సివ్ కేర్‌లో అయిదు రోజులకు మించి ఇలాంటి యాంటీబయాటిక్ తీసుకున్న శిశువులకు ఇది తప్పనిసరిగా చేయించాలి.

రెండో మార్గం రక్షక మందులు. కాలేయ క్యాన్సర్ ఉన్న పిల్లల్లో సిస్‌ప్లాటిన్ ఇచ్చిన ఆరు గంటల తరువాత సోడియం థయోసల్ఫేట్ ఇస్తే వినికిడి నష్టం 63 శాతం నుంచి 33 శాతానికి తగ్గిందని 2018లో ప్రచురితమైన అంతర్జాతీయ అధ్యయనం తేల్చింది. 2022లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ వ్యాప్తి చెందని గడ్డలున్న పిల్లల కోసం దీన్ని ఆమోదించింది. చైనాలో 195 మంది రోగులపై జరిపి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, జెంటామైసిన్‌తో పాటు ఆస్పిరిన్ తీసుకున్నవారిలో 3 శాతానికి, తీసుకోనివారిలో 13 శాతానికి వినికిడి దెబ్బతింది. చెవికి హాని చేసే జాబితాలో ఉన్న మందే మరో మందు నుంచి చెవిని కాపాడటం విశేషం. అయితే ఇవన్నీ డాక్టరు చేతిలో ఉండాల్సిన ఉపాయాలు, సొంత వైద్యానికి కావు.

మూడో మార్గం పునర్జీవనం. కోడిపిల్లల్లో చనిపోయిన రోమ కణాల చోట కొత్తవి పుడతాయని 1980ల చివర్లో శాస్త్రవేత్తలు కనుగొన్నారు. పక్షికి సాధ్యమైనది మనిషికి ఎందుకు సాధ్యం కాదన్న పరిశోధన అప్పటి నుంచి సాగుతూనే ఉంది. అది ఫలించేదాకా వినికిడి యంత్రాలు, కాక్లియర్ ఇంప్లాంట్లు ఆదుకుంటాయి. టిసిలేకు 2015లో ఇంప్లాంట్లతోనే వినికిడి తిరిగి వచ్చింది. సమతాస్థితి కోల్పోయినవారికి కళ్లు, పాదాలు ఇచ్చే సమాచారంపై ఎక్కువగా ఆధారపడేలా మెదడుకు శిక్షణనిచ్చే వ్యాయామాలు ఉన్నాయి. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ, సికింద్రాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం ఉన్న అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ వినికిడి పరీక్షలు, పునరావాస సేవలు అందిస్తున్నాయి.

మనం చేయాల్సింది

ఆసుపత్రిలో యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు గానీ కీమోథెరపీ గానీ మొదలుపెడుతుంటే, "ఇది చెవికి ముప్పు ఉన్న మందా? ముందు వినికిడి పరీక్ష చేయిస్తారా?" అని అడగడంలో తప్పులేదు. కిడ్నీ జబ్బు, ఇప్పటికే ఉన్న చెవుడు, తల్లి వైపు కుటుంబ చరిత్ర, ఇప్పుడు వాడుతున్న ఇతర మందులు చెప్పాలి. జెంటామైసిన్, అమికాసిన్ వంటివి చీటీ లేకుండా కొనకూడదు. జ్వరం త్వరగా తగ్గాలని ఎవరి చేతనో వేయించుకోకూడదు. చికిత్స జరుగుతున్న రోజుల్లో డీజే హోరుకు, యంత్రాల రొదకు దూరంగా ఉండాలి. పెద్ద శబ్దం, మందు కలిస్తే చెవికి నష్టం రెట్టింపవుతుంది.

చెవిలో హోరు, మాట తెలియకపోవడం, చెవి నిండుగా అనిపించడం, చీకట్లో తూలడం, నడుస్తుంటే చూపు ఊగడం. వీటిలో ఏది కనిపించినా మరుసటి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా డాక్టరుకు చెప్పాలి. మందును సొంతంగా ఆపేయకూడదు. మోతాదు తగ్గించాలా, మందు మార్చాలా అన్నది వైద్యుడు తేలుస్తాడు. మందుల దుష్ప్రభావాలను రోగులు కూడా భారత ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి 1800-180-3024 టోల్‌ఫ్రీ నంబరులో తెలియజేయవచ్చు. ఒకరు చెప్పిన సమాచారం మరొకరి చెవిని కాపాడవచ్చు.

రక్తం, మూత్రం, ఎక్స్‌రే పరీక్షలతో జబ్బు ఎంత తగ్గిందో కొలుస్తున్నాం. వాటితో పాటు చెవిని కూడా ఒకసారి పరీక్షిస్తే, రోగి కోలుకుని ఇంటికి వెళ్లాక తనవాళ్ల మాటలు వినగలుగుతాడు.